లైంగిక దాడి గురించి ఎవరైనా మీతో చెప్పుకొన్నప్పుడు ఏం చేయాలి?

లైంగిక దాడికి గురైన మనిషి ఆ మాటను మొదట పోలీసులకో డాక్టరుకో చెప్పడం అరుదు. ఇంట్లో అక్కకో, అమీర్‌పేట హాస్టల్లో పక్క మంచం స్నేహితురాలికో, ఆఫీసులో కలిసి భోజనం చేసే సహోద్యోగికో చెబుతుంది. ఆ ఒక్కరు అప్పుడు ఏమన్నారన్నదాన్ని బట్టే ఆమె రెండోసారి నోరు విప్పడమో, ఏళ్ల తరబడి లోపలే దాచుకోవడమో జరుగుతుంది. మన ఇళ్లలో ఈ విషయం మీద మౌనం నిలబడి ఉన్నది బాధితులు చెప్పకపోవడం వల్ల మాత్రమే కాదు. చెప్పినప్పుడు విన్నవాళ్లు "ఇక్కడితో వదిలెయ్, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అనడం వల్ల కూడా. అందుకే ఈ వ్యాసం వినేవారి కోసం. ఇక్కడ ఎక్కువగా "ఆమె" అని రాసినా, మగపిల్లలకూ పురుషులకూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ ఇది జరుగుతుంది. వినవలసిన తీరు అందరి విషయంలోనూ ఒకటే.

మొదటి అడుగు: విచారణ చేయకుండా వినండి

"అంత రాత్రి ఎందుకు వెళ్లావు?", "అరవలేదా?", "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనే మూడు ప్రశ్నలూ చాలామంది నోట అప్రయత్నంగా వస్తాయి. అడిగేవారికి అవి వివరాలు తెలుసుకోవడమే కావచ్చు, బాధితురాలికి మాత్రం అవి తీర్పులు. తీవ్రమైన భయంలో శరీరం కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం సహజమైన ప్రతిచర్య. ఎదిరించకపోవడం ఒప్పుకోవడం కాదు. అలాగే జ్ఞాపకం వరుసగా రాదు. గదిలోని ఫ్యాను చప్పుడు స్పష్టంగా గుర్తుండి, ఏ వేళప్పుడు జరిగిందో గుర్తుండకపోవచ్చు. కథనం తడబడినంత మాత్రాన అబద్ధమని అనుకోకండి, మీరే వరుస సరిచేసి చెప్పించడానికి ప్రయత్నించకండి.

చెప్పవలసిన మాటలు చాలా తక్కువ: "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు. ఇప్పుడు నీకేం కావాలి?" ఓదార్చడానికి దగ్గరకు తీసుకోవాలనిపించినా ముందు అడగండి, ఎందుకంటే తన ఒంటి మీద తన ఇష్టం చెల్లని అనుభవం నుంచి ఆమె అప్పుడే వచ్చింది. ఇకపై ప్రతి నిర్ణయమూ ఆమెను అడిగే జరగాలన్న నియమం ఈ చిన్న విషయంతోనే మొదలవుతుంది.

తండ్రులకు, అన్నదమ్ములకు, భర్తలకు ఒక మాట. "వాణ్ణి నరికేస్తాను" అని మీరు లేస్తే, ఆ క్షణం నుంచి మిమ్మల్ని ఆపడం, మీకేమవుతుందోనని భయపడటం ఆమె పని అవుతుంది. మీ కోపం న్యాయమైనదే, కానీ దాన్ని ఆమె ముందు కాకుండా మరోచోట దించుకోండి.

జాతీయ నేర గణాంకాల ప్రకారం నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. ఆ మనిషి బాబాయో, ట్యూషన్ మాస్టారో, కుటుంబానికి సాయం చేసిన పెద్దమనిషో అయినప్పుడు "ఆయన అలాంటివాడు కాదే" అనే మాట మీ నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపండి.

రెండో అడుగు: ఈ రాత్రి ఆమె ఎక్కడ క్షేమంగా ఉంటుందో చూడండి

దాడి చేసినవాడు అదే ఇంట్లోనో అదే భవనంలోనో ఉంటే మిగతావన్నీ తరువాతి సంగతులు. ప్రమాదం ఉంటే 112కు, ఆశ్రయమూ సలహా కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. 181 ద్వారా సఖి కేంద్రాల (బాధిత మహిళలకు సాయపడే ప్రభుత్వ కేంద్రాలు) సాయం అందుతుంది.

చెప్పింది 18 ఏళ్ల లోపు పిల్లలైతే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోవడం నేరం. "నిన్ను కాపాడగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను" అనడం నిజాయితీ గల మాట. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంట్లో గానీ వారు కోరిన చోట గానీ, యూనిఫాం లేకుండా వచ్చిన అధికారి తీసుకోవాలని చట్టమే చెబుతోంది.

మూడో అడుగు: 72 గంటల లోపు వైద్యం అందేలా చూడండి

కేసు పెట్టాలా వద్దా అన్నది తేలేదాకా ఆస్పత్రికి వెళ్లకుండా ఆగడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు, దాని మూల్యమూ ఎక్కువే. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. హెపటైటిస్ బీ టీకా, ఇతర సుఖవ్యాధులకు చికిత్స గురించి కూడా అడగాలి. గాంధీ, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆస్పత్రులే కాదు, ప్రైవేటు ఆస్పత్రి కూడా ఎఫ్‌ఐఆర్ అడగకుండా ఉచితంగా తక్షణ చికిత్స ఇవ్వాలి, నిరాకరించడం శిక్షార్హం. ఆస్పత్రి పోలీసులకు సమాచారం ఇస్తుందని ఆమెకు ముందే చెప్పండి. అయినా ఫిర్యాదు ఇచ్చితీరాలని గానీ, పరీక్షకు ఒప్పుకోవాలని గానీ బలవంతం లేదు. చికిత్సకు సరేనని, సాక్ష్యాల సేకరణకు వద్దనవచ్చు.

సాక్ష్యాల కోసమైతే స్నానం చేయకుండా, ఆ బట్టలతోనే వెళ్లడం మేలు. బట్టలు మార్చుకొని ఉంటే వాటిని ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో తేమ చేరి ఆనవాళ్లు పాడవుతాయి. స్నానం అయిపోయిందని మానేయకండి. 96 గంటల వరకూ నమూనాలు సేకరించవచ్చు. గతంలో లైంగిక అనుభవం ఉందా అని వేళ్లతో చూసే "రెండు వేళ్ల పరీక్ష" చేయడానికి వీల్లేదని, చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో చెప్పింది. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే మీరు గట్టిగా అడ్డుకోవచ్చు.

నాలుగో అడుగు: ఫిర్యాదు నిర్ణయం ఆమెకే వదిలి, దారి మాత్రం చూపండి

హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం పనిచేస్తోంది. పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట దొరకడం వల్ల ఒకే సంగతిని నాలుగు బల్లల ముందు నాలుగుసార్లు చెప్పుకోవలసిన బాధ చాలావరకు తగ్గుతుంది. స్టేషన్‌కే వెళ్లాలనుకుంటే, "ఇది మా పరిధి కాదు" అన్న జవాబును ఒప్పుకోకండి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకు గురైన యువ పశువైద్యురాలి విషయంలో కుటుంబాన్ని పరిధి పేరుతో తిప్పారన్న ఆరోపణపై పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు, కోర్టు ప్రక్రియల కొత్త చట్టం) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, చదివి చూసుకున్నాకే సంతకం చేయాలి. అత్యాచార కేసుకు కాలపరిమితి లేదు కాబట్టి "ఇప్పుడెందుకు, ఆలస్యమైపోయింది" అన్న మాట చెల్లదు. ఈలోగా మెసేజీలు, కాల్ వివరాలు చెరపకుండా దాచమనండి, అసహ్యం వేసి చెరిపేసేవారే ఎక్కువ.

"కోర్టులో నా నడవడి గురించి అడుగుతారేమో" అన్న భయానికి ఈ నగరంలోనే చరిత్ర ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచార ఆరోపణపై నగరం అట్టుడికింది, విచారణలో ఆ మహిళ నడవడినే బోనెక్కించారు. ఇప్పుడు సమ్మతి ఉందా లేదా అన్న ప్రశ్నలో బాధితురాలి నడవడీ గత లైంగిక అనుభవమూ సాక్ష్యంగా చెల్లవని చట్టం స్పష్టంగా చెబుతోంది, విచారణ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. ఆమె పేరు, ఫొటో, గుర్తుపట్టగల వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల కొత్త చట్టం) 72వ సెక్షన్ కింద నేరం. సానుభూతితో కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టినా సరే, ఆమె రహస్యం బయటపడినట్లే.

ఆమె 18 ఏళ్లు నిండిన వ్యక్తి అయి, ఫిర్యాదు వద్దంటే ఆ మాటను గౌరవించండి. ధైర్యం లేదని దెప్పడం కూడా ఒత్తిడే.

ఐదో అడుగు: నెలలు గడిచాక కూడా ఉండండి

మొదటి వారం ఇల్లంతా మనుషులుంటారు, మూడో నెలలో ఎవరూ ఉండరు. నిజానికి పీడకలలు, ఉలికిపాట్లు, ఉన్నట్టుండి వచ్చే కోపం, ఏదో వాసనకో పాటకో మనసు వెనక్కి వెళ్లిపోవడం అప్పుడే బయటపడతాయి. ఒక రోజు నవ్వి మరుసటి రోజు గది తలుపు తీయకపోవడం నటన కాదు, కోలుకోవడం అలాగే సాగుతుంది. "ఇంకా అదే పట్టుకొని కూర్చున్నావా" అనకుండా, వాయిదా రోజున కోర్టుకు తోడు వెళ్లడం, వంట చేసి పంపడం, సాయంత్రం పూట కలిసి నడవడం వంటి చిన్న పనులు చేయండి. పెళ్లి చేస్తే మరచిపోతుందన్న సలహా, దాడి చేసినవాడితోనే రాజీ కుదర్చాలన్న పంచాయితీ, రెండూ ఆమెను మళ్లీ ఒంటరిని చేస్తాయి. ఇలాంటి కేసుల్లో పెళ్లి, రాజీ వంటివి సూచించవద్దని 2021 మార్చిలో సుప్రీంకోర్టు న్యాయస్థానాలకే చెప్పింది.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు, పరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018 పథకంలో అత్యాచార బాధితులకు 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు నిర్దేశించారు.

బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే, "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ విని మోసిన మీకు నిద్ర పట్టకపోయినా అదే నంబరుకు ఫోన్ చేయవచ్చు, అప్పుడు ఆమె పేరు చెప్పవలసిన అవసరం లేదు.