నలభైకి తక్కువ వచ్చిందని కార్డు బీరువాలో పెట్టకండి

మొన్న ఒకబ్బాయి వచ్చాడు. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో పని. ఒక చెవి వినపడదు, రెండోది సగమే. ప్లాస్టిక్ కవర్లోంచి యూడీఐడీ కార్డు (వైకల్యం ఎంత శాతమో చూపే ప్రభుత్వ గుర్తింపు కార్డు) తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. "ముప్పై ఆరే ఇచ్చినారు నా. నలభై లేకుంటే పెన్షన్ లేదంట, కోటా లేదంట. ఇంక దీంతో ఏం చేసేది?" అప్పటికే జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన ఎనిమిది వేలిస్తే యాభై చేయిస్తానన్నాడట. అడ్వాన్సుగా నాలుగు వేలు పోయాయి కూడా.

పెన్షన్‌కూ, సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కూ 40 శాతం ఉండాల్సిందే. కానీ చేస్తున్న ఉద్యోగంలో సర్దుబాటు, అంటే పని చేసుకోవడానికి వీలుగా చిన్న మార్పులు, అడగడానికి ఆ లెక్క వర్తించదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం తగిన సర్దుబాటు నిరాకరించడాన్ని కూడా వివక్షగానే చూస్తుంది, అక్కడ 40 అన్న మాట లేదు. కార్డు మీద తెల్ల గీత ఉంటే 40 లోపు, పసుపు ఉంటే 40 నుంచి 79, నీలం ఉంటే 80, ఆపైన. తెల్ల గీత కార్డు చెల్లని కార్డు కాదు.

కార్డు లేనివాళ్ల కోసం దరఖాస్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. స్వావలంబన్ పోర్టల్‌లో ఫోటో, సంతకం లేదా వేలిముద్ర, ఆధార్, చిరునామా రుజువు ఎక్కించాలి. దీనికి ఫీజు లేదు. చివర్లో వచ్చే నంబర్‌ను ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. శాతం తేల్చే సదరం వైద్య పరీక్షకు స్లాటయితే సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు.

ఇక్కడ మన ప్రాంతానికే ఉన్న ఒక చిక్కు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు తీసుకున్న ఆధార్‌లో తిరుపతి, శ్రీకాళహస్తి వాళ్లకు కూడా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. చిరునామా రుజువులో ఉన్న జిల్లా ఆసుపత్రిలో గానీ, ఈ సమస్యకు వైద్యం చేయించుకున్న ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ పరీక్షకు వెళ్లాలన్నది నియమం. కాబట్టి ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాత దరఖాస్తు పెట్టండి. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సెక్కి, కౌంటర్ దగ్గర "మీది ఇక్కడ కాదు" అనిపించుకుని వచ్చినవాళ్లను చూశాను.

పైకి కనపడని ఇబ్బంది ఉన్నవాళ్లు శాతం తేల్చే డాక్టర్ల బోర్డు ముందు ఎక్కువ తడబడతారు. ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది, మానసిక అనారోగ్యం, మూడూ చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, కుదురు లేకపోవడం) పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి సర్టిఫికెట్ తెప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. బోర్డుకు వెళ్లేటప్పుడు పాత చీటీలు, బడిలో ఇచ్చిన రిపోర్టులు, చిన్నప్పటి నుంచి మిమ్మల్ని ఎరిగిన అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి. పది నిమిషాలు బాగా మాట్లాడగలిగితే డాక్టరుకు మీ రోజంతా ఎలా గడుస్తుందో తెలియదు.

ఇప్పుడు అసలు తడబాటు. కార్డు చేతికొచ్చాక ఆఫీసుకు రాసే అర్జీ. ఆ అబ్బాయి రాసుకొచ్చింది చూశాను: "నాకు వినికిడి లోపం ఉన్నది. కావున దయతలచి సహకరించగలరని ప్రార్థన." మేనేజర్ చదివి "అయ్యో పాపం" అనుకుని పక్కన పెడతాడు. ఏం చేయాలో అందులో లేదు కదా. మళ్లీ రాశాం. జబ్బు గురించి ఒక్క వాక్యం, దానికి కార్డు జిరాక్స్ జత. ఆ తర్వాత పనిలో ఎక్కడ ఇబ్బంది, ఏం మార్చాలి అన్నదే.

"షిఫ్టు మొదట్లో సూపర్‌వైజర్ గారు నోటితో చెప్పే పనులు నాకు పూర్తిగా అందడం లేదు. అవే వాట్సాప్‌లో పెట్టమని కోరుతున్నాను. నా బల్ల కంప్రెసర్ పక్కన ఉంది. కిటికీ వైపు మార్చమని కోరుతున్నాను. ఫోర్క్‌లిఫ్ట్ హారన్ నాకు వినపడదు కనుక ఆ దారిలో లైటు సిగ్నల్ పెట్టమని కోరుతున్నాను."

మూడు అడిగితే రెండు పైసా ఖర్చు లేనివి. ఆటిజం ఉన్నవాళ్లయితే పని మారితే ముందురోజే చెప్పమని, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ మార్చమని, భోజనాల హాలు రద్దీ తగ్గాక వెళ్లనివ్వమని అడగొచ్చు. అక్షరాలతో ఇబ్బంది ఉంటే స్టాకు రిజిస్టర్ చేత్తో రాసే బదులు ఫోన్‌లో నమోదు చేయనివ్వమనొచ్చు. ఏడీహెచ్‌డీ వాళ్లు కూడా డాక్టరు చీటీ జతచేసి ఇదే పద్ధతిలో రాసి చూడొచ్చు.

ఎవరికివ్వాలి? కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ సమాన అవకాశాల విధానంలో సౌకర్యాల వివరాలు, లైజన్ ఆఫీసర్ (వికలాంగ ఉద్యోగుల విషయాలు చూసే అధికారి) నియామకం చేర్చాలి. ముందు ఆ విధానం కాపీ అడగండి. లేదంటే అర్జీ నేరుగా సంస్థ అధిపతి పేరున రాయండి. ప్రభుత్వ కార్యాలయాల్లో దీనికి ఫిర్యాదుల అధికారి ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే అదేరోజు మెయిల్ చేయండి. గొడవపడొద్దు. తేదీ ఉన్న రుజువు చేతిలో ఉంటే చాలు. ఏ కదలికా లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపే ఫిర్యాదుకు అదే ఆధారం.

సర్వీసులో ఉండగా ప్రమాదం జరిగి వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగులు భయపడి రాజీనామా రాయొద్దు. మిమ్మల్ని తీసేయడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ చట్టం ఒప్పుకోదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి.

శాతం తప్పుగా వేశారని అనిపిస్తే దారి జిరాక్స్ షాపు కాదు, అప్పీలు. దొంగ కాగితంతో లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. ఆ శిక్ష వాడుకున్నవాడి మెడకే చుట్టుకుంటుంది. అప్పీలుకు గడువు బోర్డు నిర్ణయం తేదీ నుంచి 90 రోజులు. ఆ అబ్బాయి కార్డు తిప్పి తేదీ చూస్తే ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.