సెలవుపై వచ్చే జవానుకు బైక్ లైసెన్సు: దరఖాస్తు ఎప్పుడు, ఎలా?

ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగగానే తమ్ముడి చేతిలోంచి బైక్ తాళం అందుకునే జవాన్లు మన శ్రీకాకుళం జిల్లాలో చాలామంది. చుట్టాలిళ్లకు వెళ్లాలి, పొలం చూసుకోవాలి. బండి లేకపోతే రోజు గడవదు. కానీ వీళ్లలో కొందరికి లైసెన్సు ఉండదు. వాళ్లను తప్పుపట్టలేను, సెలవు లెక్క అలాంటిది.

ఎల్ఎల్ఆర్ (బండి నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) వచ్చాక 30 రోజులు నిండితేనే పర్మనెంట్ లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ఎల్ఎల్ఆర్ గడువు 6 నెలలు. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెడితే సరిపోతుంది. అగ్నివీర్‌కు ఏడాది మొత్తానికి 30 రోజులే. అతను ఈ సెలవులో ఎల్ఎల్ఆర్ తీసుకుని, 6 నెలల లోపు మళ్లీ వచ్చేలా మిగతా సెలవు దాచుకోవాలి. లేదా యూనిట్ ఉన్న రాష్ట్రంలోనే, అక్కడి నివాస రుజువుతో దరఖాస్తు చేసుకోవాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పరివాహన్ సైట్‌లో లైసెన్సుల విభాగమైన సారథి తెరిచి, ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని వివరాలు నింపాలి. ఆధార్, వయసుకు పదో తరగతి సర్టిఫికెట్, ఆరోగ్యంపై స్వీయ ప్రకటన కావాలి. 40 ఏళ్లు దాటిన మాజీ సైనికులైతే డాక్టరు ఇచ్చిన ఫారం 1ఎ కూడా జతచేయాలి. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ రవాణా కార్యాలయంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. శ్రీకాకుళంలో స్లాట్ దొరక్కపోతే విజయనగరం చూడండి. ట్రైన్ టికెట్ ఖాయమైన రోజే, యూనిట్‌లో ఉండగానే స్లాట్ బుక్ చేసుకోండి. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే వారం పోతుంది.

ఎల్ఎల్ఆర్ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. రోడ్డు గుర్తుల మీద ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. పాసయ్యాక బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, లైసెన్సు ఉండి నేర్పించేవారిని తప్ప. భార్యాబిడ్డలను ఎక్కించుకుని విజయనగరం సిరిమాను ఉత్సవం చూడ్డానికి బయల్దేరే అన్నలు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత అసలు పరీక్ష. మా పెద్దనాన్న కొడుకు ట్రక్కులు నడిపినవాడు, అందుకే ప్రాక్టీసు చేయలేదు. 8 ఆకారపు ట్రాక్‌లో రెండో మలుపు దగ్గర బండి మరీ నెమ్మదించి ఒరిగింది, కాలు కింద పెట్టేశాడు. ఫెయిలైతే 7 రోజుల తర్వాతే మళ్లీ అవకాశం. మూడో రోజు వాడి తిరుగు రైలు. ఖాళీ కళ్లంలో ఇటుకలు పెట్టుకుని, క్లచ్ సగం నొక్కి, చూపు మలుపు చివర నిలిపి నాలుగు రోజులు తిప్పితే వచ్చే విద్య అది. పరీక్షను సెలవు చివరికి నెట్టకండి.

అమెరికా సైన్యంలో బైక్ నడపాలంటే ముందు భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. మన దగ్గర సొంత బైక్ లైసెన్సుకు అలాంటి తప్పనిసరి కోర్సు లేదు. అందుకే నేర్చుకునే ఆ 30 రోజులూ నిజంగా నేర్చుకోవాలి. సంక్రాంతి ముందు మన రోడ్ల మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. సాయంత్రమయ్యాక ఆ దారిన వేగం తగ్గించండి. ఐఎస్ఐ హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించండి. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు.

ఇంకో మాట ఇంట్లోవాళ్లకు. బండి ఇన్సూరెన్స్‌లో యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. నడిపినవారి పేరునే బండి ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే అది వర్తిస్తుంది. తమ్ముడి బండి మీద, లైసెన్సు లేకుండా వెళ్లినవాడికి అది రాదు.