ఎయిర్‌బ్యాగ్ రీకాల్: లేఖ వచ్చేదాకా ఆగకుండా ఉచితంగా మార్పించుకునే విధానం

రీకాల్ అనగానే కంపెనీ కారునే వెనక్కి తీసేసుకుంటుందని కొందరు భయపడతారు. అలా ఏమీ జరగదు. లోపం ఉన్న భాగాన్ని కంపెనీ తన ఖర్చుతో మార్చి, కారు మీకే ఇచ్చేస్తుంది. దీనికోసం పేజీలకు పేజీలు ఫారాలు నింపే పని కూడా లేదు. మీ దరఖాస్తు మొత్తం ఒక్క నంబర్ మీద నడుస్తుంది.

ఆ నంబర్ పేరు విన్ (VIN), అంటే వాహన గుర్తింపు సంఖ్య. మొత్తం 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితంలో చాలాచోట్ల దీన్నే చాసిస్ నంబర్ అని రాస్తారు. కాగితం చేతిలో లేకపోతే కారు దగ్గరికి వెళ్లి, డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలను బయటి నుంచి చూడండి. డ్యాష్‌బోర్డు మీద సన్నటి పట్టీ కనిపిస్తుంది. అక్కడ లేకపోతే డ్రైవర్ డోర్ తెరిచి, పక్కనున్న స్తంభం మీది స్టిక్కర్ చూడండి. చూసి రాసుకునేటప్పుడే తప్పులు దొర్లుతాయి, కాబట్టి ఫొటో తీసుకోవడం మేలు. ఒక చిట్కా: విన్‌లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అసలు వాడరు. గుండ్రంగా కనిపించింది సున్నాయే, నిలువు గీతలా ఉన్నది ఒకటి అంకే.

ఈ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీలో కొట్టండి. కొన్ని దేశాల్లో ప్రభుత్వ సైట్‌లోనూ చూడొచ్చు. అమెరికాలో అయితే నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ సైట్ ఉంది. మోడల్ పేరు, తయారైన సంవత్సరం మాత్రమే చూసి తేల్చేసుకోవద్దు. ఒకే ఏడాది, ఒకే మోడల్‌లో కూడా కొన్ని కార్లకే రీకాల్ ఉండొచ్చు. ఈసారి ఏమీ చూపించకపోయినా ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి, జాబితాలు పెరుగుతూనే ఉంటాయి.

లేఖ రాలేదు కదా అని ధీమాగా ఉండొద్దు. కంపెనీ లేఖ పంపేది రికార్డుల్లో ఉన్న చిరునామాకు. ఇల్లు మారినా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా అది వేరే ఎవరి ఇంటికో చేరుతుంది. రీకాల్ ఉండేది బండి మీద, ఓనర్ మీద కాదు. మీరు మూడో ఓనరైనా, వారంటీ ఎప్పుడో ముగిసినా, సర్వీసింగ్ ఎప్పుడూ బయటే చేయించినా అడగొచ్చు. ఉచితంగా చేసి తీరాలన్న చట్టానికి కొన్ని దేశాల్లో గడువు ఉంది, అమెరికాలో అది 15 ఏళ్లు. అయినా అంతకంటే పాత కార్లకు కూడా కంపెనీలు ఎయిర్‌బ్యాగులు ఉచితంగా మార్చిన సందర్భాలున్నాయి.

లైట్ వెలగలేదు కదా అంటే

లైట్ వెలగలేదు కాబట్టి లోపం లేదన్న మాట సర్వీస్ సెంటర్లలో తరచూ వినిపిస్తుంది. డ్యాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్ లైట్ వైరింగ్, సెన్సర్ల లాంటి ఎలక్ట్రికల్ లోపాలనే చెబుతుంది. ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి లోపల మండే మందు పాడైతే దానికి తెలియదు.

ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన జపాన్ కంపెనీ టకాటా వ్యవహారంలో జరిగింది ఇదే. ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లో అమ్మోనియం నైట్రేట్ అనే మందు వాడింది. ఏళ్ల తరబడి వేడికీ, గాలిలోని తేమకూ గురై ఆ మందు పాడవుతుంది. యాక్సిడెంట్ అయినప్పుడు ఉండాల్సిన దానికంటే వేగంగా మండి, లోహపు డబ్బా పగిలి, ముక్కలు మనిషి మీదకే దూసుకొస్తాయి. ఒక్క అమెరికాలోనే 19 కంపెనీల కార్లలో దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను రీకాల్ చేశారు. టకాటా 2017లో దివాలా పిటిషన్ వేసింది. అప్పటి కార్లు కొన్ని ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి.

అపాయింట్‌మెంట్ దగ్గర

కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేయండి. విన్ చెప్పి మూడు విషయాలు అడగండి: రీకాల్ డ్రైవర్ వైపుదా, పక్క సీటుదా, రెండూనా? పార్టు స్టాకులో ఉందా? అప్పటిదాకా కారు నడపొచ్చా? మూడోది మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న. కొన్ని కార్లకు అసలు నడపొద్దనే హెచ్చరిక ఉంటుంది. అప్పుడు కారును మీరు తోలుకెళ్లకుండా, తీసుకెళ్లే ఏర్పాటు వాళ్లనే చేయమనండి. లోపం పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌దే అయితే పని అయ్యేదాకా అక్కడ ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

పార్టు లేదంటే "వచ్చాక కాల్ చేస్తాం" అన్న మాటతో ఫోన్ పెట్టేయకండి. మీ పేరు వెయిటింగ్ లిస్టులో చేర్చినట్టు మెసేజ్ గానీ, మెయిల్ గానీ పంపమనండి. అప్పటిదాకా వేరే కారు ఇస్తారేమో కూడా అడగండి, కొన్ని కంపెనీలు ఇస్తాయి.

వెళ్లేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం, లేఖ వచ్చి ఉంటే అదీ పట్టుకెళ్లండి. మెకానిక్ ముందుగా బ్యాటరీ తీసేసి కొద్ది నిమిషాలు ఊరికే ఆగుతాడు. కాలయాపన చేస్తున్నాడని అనుకోవద్దు, సిస్టమ్‌లో మిగిలిన కరెంటు దిగిపోవాలి. అందుకే ఎయిర్‌బ్యాగును సొంతంగా గానీ, బయటి మెకానిక్ చేత గానీ విప్పించే ప్రయత్నం చేయొద్దు. పాత బండి నుంచి తీసిన ఎయిర్‌బ్యాగ్ చవగ్గా దొరికినా వేయించొద్దు. అది రీకాల్ అయినదే కావచ్చు, మీ విన్ కొట్టి చూస్తే ఆ సంగతి తెలియదు.

బయటికి వచ్చే ముందు జాబ్ కార్డు (చేసిన పని రాసిచ్చే కాగితం) చదవండి. రీకాల్ నంబర్, మార్చిన భాగం, తేదీ, చెల్లించాల్సిన మొత్తం సున్నా అని ఉండాలి. రీకాల్‌తో పాటు వేరే సర్వీస్ కూడా చేయించుకోవాల్సిందే అంటే ఒప్పుకోనక్కర్లేదు. రీకాల్ పేరుతో లింక్ పంపి డబ్బు, ఓటీపీ అడిగే మెసేజ్‌లు మోసాలే.

సర్వీస్ సెంటర్ తిప్పుకుంటుంటే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు, అక్కడా పని కాకపోతే వాహన భద్రత చూసే ప్రభుత్వ శాఖకు ఫిర్యాదు చేయండి. అందులో విన్, మీరు ఫోన్ చేసిన తేదీలు, వాళ్లు చెప్పిన సమాధానాలు చాలు. మీ కారుకు రీకాల్ లేకపోయినా సరే, ఎయిర్‌బ్యాగ్ దానంతటదే తెరుచుకున్నా, యాక్సిడెంట్‌లో తెరుచుకోకపోయినా ఆ శాఖకు ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పుడు తేదీ, వేగం, ఫొటోలు జతచేయండి. ఆ ఎయిర్‌బ్యాగును పారేయనివ్వొద్దు, పరీక్షకు కావాల్సింది అదే.

పని అయిన కొన్ని రోజులకు అదే పేజీలో విన్ మళ్లీ కొట్టి చూడండి. పెండింగ్ అని ఇంకా ఉంటే రికార్డు అప్‌డేట్ కాకపోయి ఉండొచ్చు, లేదా ఒకవైపే మార్చి ఉండొచ్చు. టకాటా కార్లలో కొన్నిటికి మొదట అదే రకం కొత్త ఇన్‌ఫ్లేటర్‌ను తాత్కాలికంగా పెట్టి, తర్వాత వేరే రకంతో మళ్లీ మార్చాల్సి వచ్చింది. పెండింగ్ అని కనిపిస్తే జాబ్ కార్డు దగ్గర పెట్టుకునే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.