లాంగ్‌హార్న్స్ బేస్‌బాల్ చరిత్ర చదవాలంటే ముందు కోచ్‌ల పేర్లు పట్టుకోండి

ఆస్టిన్‌లో చదువుకునే మన పిల్లలకి, వాళ్లని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకి యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఫుట్‌బాల్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. లాంగ్‌హార్న్స్ అంటే ఆ యూనివర్సిటీ జట్ల పేరు. హైవే 35 దాటి తూర్పు వైపున ఉన్న డిష్-ఫాక్ ఫీల్డ్‌కి మాత్రం మనవాళ్లు తక్కువగా వెళ్తారు. వెళ్లినా ఆట చూసి వచ్చేస్తారు. దేశంలో కాలేజీ ఛాంపియన్‌ని తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్‌కు 2025 నాటికి 38 సార్లు చేరిన బేస్‌బాల్ టీమ్ అక్కడ ఆడుతుంది. అన్నిసార్లు చేరిన యూనివర్సిటీ ఇంకొకటి లేదు. 1949, 1950, 1975, 1983, 2002, 2005లో గెలిచింది కూడా. ఇంత చరిత్ర ఉన్నప్పుడు దాన్ని ఎక్కణ్ణుంచి పట్టుకోవాలో తెలియకపోతే ఆ ఏళ్లన్నీ గోడ మీద అంకెల్లాగే మిగిలిపోతాయి. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను. ఇంకే యూనివర్సిటీ టీమ్‌కైనా ఇది పనికొస్తుంది.

నా నేపథ్యం ఒక్క ముక్కలో చెప్తాను. మా నాన్నగారు కాకినాడలో లీగ్ క్రికెట్ మ్యాచులకు స్కోరర్. స్కోరు పుస్తకం చూసి మ్యాచ్ మొత్తం మళ్లీ కళ్లముందు పెట్టుకోవచ్చని చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నాను. బేస్‌బాల్‌లోకి నేను వచ్చింది ఆ దారిలోనే.

ముందు కోచ్‌లు

చాలామంది స్టార్ ఆటగాళ్ల పేర్లతో మొదలుపెడతారు. నేనైతే వద్దంటాను. కాలేజీ ఆటగాడు మహా ఉంటే నాలుగైదేళ్లు ఉంటాడు. నాలుగేళ్ల కాలేజీలో చేరినవాణ్ణి మూడో ఏడు పూర్తయ్యాక, లేదా 21 ఏళ్లు వచ్చాక ప్రొఫెషనల్ టీములు డ్రాఫ్ట్‌లో (వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) తీసుకోవచ్చు. అందుకే బాగా ఆడేవాళ్లు చాలామంది మూడేళ్లకే వెళ్లిపోతారు. అంటే నాలుగేళ్లు తిరిగేసరికి టీమ్ మొత్తం కొత్తది. నిలిచి ఉండేది కోచ్.

ఇప్పుడు టెక్సాస్ జాబితా చూడండి. బిల్లీ డిష్, 1911 నుంచి 1939. బిబ్ ఫాక్, 1940 నుంచి 1967. మధ్యలో యుద్ధం వల్ల 1943–45 మూడేళ్లు బ్లెయిర్ చెర్రీ చూసుకున్నాడు. క్లిఫ్ గస్టాఫ్‌సన్, 1968 నుంచి 1996. ఆ మూడేళ్లు తీసేస్తే 83 సీజన్లు ముగ్గురి చేతిలోనే గడిచాయి. ఇంకో సంగతి: ఫాక్ ఇక్కడే డిష్ కింద ఆడాడు, గస్టాఫ్‌సన్ ఇక్కడే ఫాక్ కింద ఆడాడు. మన సంగీతంలో గురుపరంపర చెప్పుకున్నట్టే దీన్ని చెప్పుకోవచ్చు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో తెలిస్తే ఆ టీమ్ ఆడే తీరు సగం అర్థమైనట్టే.

నోట్‌బుక్‌లో అయిదు నిలువు గళ్లు గీయండి: సంవత్సరం, కోచ్, గ్రౌండ్, కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి), నిబంధనల మార్పు. ఆటగాళ్ల పేర్లు, గెలుపు ఓటములు తర్వాత రాసుకోవచ్చు. ఈ గళ్లు నింపకుండా అంకెలు పోల్చడం మొదలుపెడితే తప్పుదారి పడతారు.

ఉదాహరణకి, డిష్ 29 ఏళ్లలో కాన్ఫరెన్స్ టైటిళ్లు వరసపెట్టి గెలిచాడు గానీ జాతీయ టైటిల్ ఒక్కటీ లేదు. ఎందుకంటే అప్పటికి అలాంటి పోటీయే లేదు. కాలేజీ వరల్డ్ సిరీస్ మొదలైందే 1947లో, మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో. అది తెలియనివాళ్లు ఫాక్‌కి రెండు టైటిళ్లు, డిష్‌కి సున్నా అని లెక్క కట్టి డిష్‌ని పక్కన పెట్టేస్తారు. అలాగే కాన్ఫరెన్స్ టైటిళ్లన్నీ ఒకే బరువున్నవి కావు. 1996 దాకా సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్, తర్వాత బిగ్ 12, 2024 జులై నుంచి ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్). ఎదుటి టీములు మారిపోయాయి కాబట్టి ఆ గడి ఖాళీగా వదలకండి.

ఫాక్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 1919 వరల్డ్ సిరీస్‌లో డబ్బు తీసుకుని ఓడిపోయారన్న ఆరోపణ మీద షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లను పక్కన పెట్టినప్పుడు, షూలెస్ జో జాక్సన్ ఆడే లెఫ్ట్ ఫీల్డ్‌లోకి వచ్చిన కుర్రాడు ఇతనే. ఆస్టిన్ నుంచి నేరుగా అక్కడికి వెళ్లాడు. 12 సీజన్లు ఆడి .314 బ్యాటింగ్ సగటుతో (అంటే వెయ్యి అవకాశాలకు 314 హిట్ల లెక్కన) ముగించాడు. తర్వాత సొంత కాలేజీకే తిరిగొచ్చి కోచ్ అయ్యాడు. 1949లో విచిటాలో, 1950లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఓమహాలో టైటిల్ గెలిచి, వరసగా రెండేళ్లు గెలిచిన మొదటి టీమ్‌గా టెక్సాస్‌ని నిలబెట్టాడు. ఆ సిరీస్ ఓమహాకి వచ్చింది 1950లోనే. అప్పటినుంచి అక్కడే జరుగుతోంది. అంటే ఓమహాలో మొదటి విజేత టెక్సాస్. ఫాక్ పేరు ఒక్కటి పట్టుకుంటే అమెరికా బేస్‌బాల్‌లో అతి పెద్ద మచ్చ, ఒక కాలేజీ గ్రౌండ్, ఓమహా ఊరు మూడూ ఒకే దారం మీదకి వస్తాయి. కోచ్‌ల దగ్గర మొదలుపెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే.

గ్రౌండ్ చూడకుండా స్కోరు నమ్మకండి

1928 నుంచి 1974 దాకా టెక్సాస్ ఆడింది క్లార్క్ ఫీల్డ్‌లో. అక్కడ సెంటర్ ఫీల్డ్‌లో సున్నపురాతి గుట్ట ఉండేది. దాని పేరు బిల్లీ గోట్ హిల్. బంతి గుట్ట మీద పడితే ఫీల్డర్ కాలిబాట పట్టి పైకెక్కి తెచ్చుకోవాలి, లేదా ఒకడు ముందే పైన నిలబడాలి. ఇక్కడి కుర్రాళ్లకు ఆ బాట అలవాటు, బయటి టీముకు కొత్త. క్లార్క్ ఫీల్డ్ కాలం నాటి స్కోరు షీట్‌లో ట్రిపుల్స్ (ఒక్క దెబ్బకి మూడో బేస్ చేరడం), గ్రౌండ్ దాటకుండానే వచ్చిన హోమ్ రన్లు కనబడితే ఆ గుట్టని గుర్తు పెట్టుకోండి. 1929లో న్యూయార్క్ యాంకీస్ ఇక్కడికి ప్రదర్శన మ్యాచ్‌కి వచ్చినప్పుడు లూ గెరిగ్ గుట్ట దాటించి కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంత దూరం వెళ్లిందన్న అంకె మాత్రం చెప్పేవారిని బట్టి మారుతుంది. ఇలాంటివాటిని నోట్‌బుక్‌లో వెనకవైపు విడిగా రాసుకోండి. కథలు కూడా చరిత్రలో భాగమే, కానీ స్కోరు పక్కన రాయాల్సినవి కావు.

ఆ స్థలంలో ఇప్పుడు బాస్ కాన్సర్ట్ హాల్ ఉంది. 1975లో డిష్-ఫాక్ ఫీల్డ్ తెరిచారు. ఆ సంవత్సరమే గస్టాఫ్‌సన్ మొదటి జాతీయ టైటిల్.

బ్యాట్ మారితే అంకె మారుతుంది

ఇది చిన్న విషయమే గానీ మరిచిపోతే మోసపోతాం. కాలేజీల్లో అల్యూమినియం బ్యాట్లను 1974లో అనుమతించారు. కర్ర బ్యాట్ కంటే బంతి చాలా వేగంగా వెళ్తుంది కాబట్టి పరుగులు పెరిగిపోయాయి. 1998 కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్ 21–14తో ముగిసింది. 2011 నుంచి బ్యాట్ ఎంత వేగంగా బంతిని తిప్పికొట్టాలన్న దానికి గట్టి హద్దు పెట్టారు, హోమ్ రన్లు ఒక్కసారిగా తగ్గాయి. అందుకే 1965 బ్యాటర్నీ 1995 బ్యాటర్నీ 2012 బ్యాటర్నీ ఒకే వరసలో నిలబెట్టకండి.

ఒక్క మ్యాచ్‌ని పూర్తిగా చదవండి

గళ్లు నిండాక ఒక బాక్స్ స్కోర్ (మ్యాచ్ మొత్తాన్ని ఒక్క పట్టికలో చూపే కాగితం) తీసుకుని కూర్చోండి. క్రికెట్ తెలిసినవాళ్లకి ఇది తొందరగా వస్తుంది, అందుకు కారణమూ ఉంది. ఈ బాక్స్ స్కోర్‌కి రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాసినవాడే. స్ట్రైకౌట్‌కి (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడం) 'కె' అక్షరం రాయడం ఆయన పెట్టిన అలవాటే.

ముందు ఫీల్డర్ల నంబర్లు నేర్చుకోండి: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత ఎడమ నుంచి కుడికి అవుట్‌ఫీల్డ్ 7, 8, 9. స్కోరు పుస్తకంలో 6-4-3 అని ఉంటే బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కీ, అక్కణ్ణుంచి మొదటి బేస్‌కీ వెళ్లి ఇద్దరు అవుటయ్యారని అర్థం. పిచర్ వరసలో 9.2 అని ఉంటే దాన్ని దశాంశంగా చదవకండి. మన దగ్గర 9.2 ఓవర్లంటే తొమ్మిది ఓవర్ల రెండు బంతులు కదా, ఇక్కడ తొమ్మిది ఇన్నింగ్స్, ఆ పైన ఇద్దరు అవుట్. బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ చెరో ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాటింగ్ చేసే వంతు.

చదవడానికి నేను ఇచ్చే మ్యాచ్ 2009 మే 30 నాటిది. డిష్-ఫాక్‌లో టెక్సాస్, బోస్టన్ కాలేజ్. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడాల్సిన ఆట 25 ఇన్నింగ్స్ సాగింది. 7 గంటల 3 నిమిషాలు పట్టింది. కాలేజీ బేస్‌బాల్‌లో ఇంతకంటే పొడవైన మ్యాచ్ లేదు. టెక్సాస్ 3–2తో గెలిచింది. షీట్ చూడగానే ఒక వింత కనబడుతుంది: సొంత గ్రౌండ్‌లో ఆడుతూ టెక్సాస్ పై వరసలో ఉంది. అది రీజినల్ టోర్నమెంట్ (కాలేజీ వరల్డ్ సిరీస్‌కు దారితీసే మొదటి దశ) కాబట్టి ఆ రోజు కాగితం మీద వాళ్లే అతిథి జట్టు, అంటే ముందు బ్యాటింగ్ చేసేది. కాబట్టి 25వ ఇన్నింగ్స్ పై సగంలో ట్రావిస్ టక్కర్ కొట్టిన హిట్‌తో పరుగు వచ్చాక కూడా ఆట అయిపోలేదు, బోస్టన్ కాలేజ్‌కి ఇంకా బ్యాటింగ్ ఉంది. ఆ టెన్షన్ షీట్‌లో ఒక్క చిన్న సున్నాగా కనబడుతుంది.

ఇప్పుడు పిచర్ల వరస చూడండి. ఆస్టిన్ వుడ్: 13 ఇన్నింగ్స్, 169 బంతులు, పరుగులు సున్నా. అందులో పన్నెండు ఇన్నింగ్స్‌కు పైగా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అవతల మైక్ బెల్ఫియోర్: 9.2 ఇన్నింగ్స్, 129 బంతులు, అతనిదీ సున్నానే. ఇద్దరూ చదువుకునే కుర్రాళ్లు. మామూలుగా ఆఖర్లో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసి వెళ్లే పిచర్లు. ఇది గొప్ప మ్యాచే, కాదనను. కానీ ఆ 169 అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ భుజం ఒక పిల్లవాడిది. రికార్డుల పేజీలో దాన్ని వీరత్వంగా మాత్రమే రాస్తారు. మీ నోట్‌బుక్‌లో బంతుల లెక్క కూడా రాయండి.

పేర్లు రెండుసార్లు కనబడితే

ఇప్పుడు ఆటగాళ్ల దగ్గరికి రావచ్చు. ఇంటిపేర్ల మీద కన్నేసి ఉంచండి. 1970లో టెక్సాస్ టెక్ మీద పర్‌ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) వేసిన జేమ్స్ స్ట్రీట్, 1969లో జాతీయ ఛాంపియన్ అయిన ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ కూడా. 2002 కాలేజీ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన హ్యూస్టన్ స్ట్రీట్ ఆయన కొడుకు. 1983 ఫైనల్‌లో అలబామా మీద 4–3తో గెలిచినప్పుడు పిచర్ రోజర్ క్లెమెన్స్. ఆ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు మాత్రం అతని జట్టులోనే ఉన్న కాల్విన్ షిరాల్డీ. మూడేళ్ల తర్వాత ఇద్దరూ బోస్టన్ రెడ్ సాక్స్‌లో కలిసి వరల్డ్ సిరీస్ ఆడారు.

ఎవరు లేరో కూడా చూడండి

పాత గ్రూప్ ఫొటోలు చూసేటప్పుడు ఇది తప్పకుండా చేయండి. టెక్సాస్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులను డిగ్రీ తరగతుల్లో చేర్చుకున్నది 1956లో. అప్పుడు కూడా ఆటల జట్లలోకి రానివ్వలేదు. ఆ నిషేధం 1963లో తీసేశారు. అంటే డిష్ కాలమంతా, ఫాక్ కాలంలో చాలా భాగం, ఆ రెండు టైటిళ్లతో సహా, నల్లజాతివాళ్లను బయట పెట్టి ఆడిన చరిత్ర. నిషేధం పోయాక కూడా ఫొటోలు వెంటనే మారలేదు. 1970ల రెండో సగంలో షార్ట్‌స్టాప్‌గా ఆడిన ఆండ్రే రాబర్ట్‌సన్ తర్వాత యాంకీస్‌కు వెళ్లాడు. నోట్‌బుక్‌లో నిబంధనల గడి ఉంది కదా, బ్యాట్ల పక్కనే 1956, 1963 కూడా రాయండి. పరుగుల లెక్కని మార్చిన నిబంధన రాసి, మనుషుల్ని బయట నిలబెట్టిన నిబంధన వదిలేయడం నా దృష్టిలో అన్యాయం.

కాగితాలు ఎక్కడ

యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగం వేసే మీడియా గైడ్‌లో సంవత్సరాలవారీ ఫలితాలన్నీ ఉంటాయి. ఉచితం. కాలేజీ వరల్డ్ సిరీస్ సంగతులకు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) రికార్డు పుస్తకంతో సరిచూసుకోండి. పాత వార్తలకు నార్త్ టెక్సాస్ యూనివర్సిటీ నడిపే 'పోర్టల్ టు టెక్సాస్ హిస్టరీ'లో వెతకండి. విద్యార్థుల పత్రిక డెయిలీ టెక్సన్ 1900 నుంచీ ఉంది. వెతికేటప్పుడు పేరు పూర్తిగా చదవండి, టెక్సాస్ ఏ అండ్ ఎం వేరే యూనివర్సిటీ. క్యాంపస్‌లో ఎల్‌బీజే లైబ్రరీ పక్కనున్న బ్రిస్కో సెంటర్‌లో పాత కాగితాలు చూడాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి. పెన్సిల్ తీసుకెళ్లండి.

1996 తర్వాతి వరస తేలిక. ఆగీ గరిడో 1997 నుంచి 2016, డేవిడ్ పియర్స్ 2017 నుంచి 2024, ఆ తర్వాత జిమ్ ష్లాస్‌నేగల్. ముగ్గురూ బయటినుంచి వచ్చినవాళ్లు, పాత పరంపర అక్కడితో తెగింది. గరిడో అప్పటికే కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌లో మూడు టైటిళ్లు గెలిచి వచ్చాడు, ఇక్కడ ఇంకో రెండు గెలిచాడు. ష్లాస్‌నేగల్ వచ్చింది ఏ అండ్ ఎం నుంచే, అదీ 2024 ఫైనల్ ఓడిన మర్నాడు. 2025 గడిలో రెండు సంగతులు రాసుకోవాలి. ఎస్ఈసీలో అడుగుపెట్టిన మొదటి ఏడే రెగ్యులర్ సీజన్ టైటిల్ గెలిచారు. తర్వాత సొంత గ్రౌండ్‌లో జరిగిన రీజినల్‌లో శాన్ ఆంటోనియో నుంచి వచ్చిన యూటీఎస్ఏ చేతిలో ఓడి ఇంటికెళ్లారు. కొత్త సీజన్ ఏటా ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. పేజీ ఇప్పుడే గీసి పెట్టుకోండి.