పాఠం ఒకటే, ఆసరా మూడు రకాలు: గూగుల్ డాక్స్‌తో తరగతిలో అందరికీ అందేలా పాఠం తయారు చేయడం ఎలా?

ఏడో తరగతిలో పాఠం ఒకసారి చదవగానే ఎదురు ప్రశ్న వేసే పిల్లలుంటారు. అదే వరసలో కూడబలుక్కుని చదివేవాళ్లూ ఉంటారు. నోటితో గడగడా చెప్పేసి, పెన్ను పట్టుకోగానే ఆగిపోయేవాళ్లు ఇంకొందరు. నెల్లూరు టౌన్లో అయినా, ఇందుకూరుపేట వైపు పల్లెలో అయినా ఇదే కథ. అందరికీ ఒకే జిరాక్స్ కాగితం పంచితే సగం మందికి అది పనికిరాదు. అలాగని రోజూ మూడు పాఠాలు రాసే తీరిక ఏ టీచరుకూ ఉండదు. రాయాల్సిన అవసరం కూడా లేదు. పాఠాన్ని ఒకటే ఉంచి, దాని చుట్టూ ఇచ్చే ఆసరాను మారిస్తే సరిపోతుంది. పెన్నా నది పాఠాన్ని తీసుకుని ఎలా చేయాలో చూద్దాం.

1. ముందు అసలు కాపీ

క్రోమ్‌లో డాక్స్ డాట్ న్యూ (docs.new) అని కొడితే కొత్త డాక్యుమెంటు తెరుచుకుంటుంది. అందులో పది పదిహేను వాక్యాల్లో పాఠం రాయండి. పెన్నా కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. దాని దిగువన సంగం, నెల్లూరు బ్యారేజీలు ఉన్నాయి. ఈ మాత్రం సమాచారం చాలు.

ఉపశీర్షికలను బోల్డ్ చేసి వదిలేయకండి, హెడ్డింగ్ స్టైల్ పెట్టండి. అప్పుడు పక్కన విషయసూచిక దానంతటదే వస్తుంది. ఫాంటు మండలి, సైజు 14, లైన్ల మధ్య దూరం ఒకటిన్నర పెడితే ఒత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. అలంకారపు ఫాంట్ల జోలికి పోవద్దు. చదవడమే కష్టంగా ఉన్న పిల్లలకు అవి ఇంకో అడ్డంకి.

అచ్చుతప్పులన్నీ ఇక్కడే దిద్దుకోండి. కాపీలు తీశాక అసలు దాన్ని మార్చినా, ఆ మార్పు కాపీల్లోకి వెళ్లదు.

2. మూడు కాపీలు, మూడు పేర్లు

ఫైల్ మెనూలో ‘మేక్ ఎ కాపీ’ నొక్కి మూడు కాపీలు తీయండి. వాటికి ‘వీక్’, ‘యావరేజ్’ లాంటి పేర్లు పెట్టారంటే మధ్యాహ్న భోజనం గంటకల్లా ఎవరు ఏమిటో బడంతా తెలిసిపోతుంది. ఒకటి, రెండు, మూడు అన్నా పిల్లలు ఇట్టే పట్టేస్తారు. సోమశిల, సంగం, ఊటుకూరు అని పెట్టండి. పాఠంలోని ఊళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

3. ఆసరా మార్చడం

అసలు పని ఇక్కడుంది. పాఠంలో ఈ వాక్యం ఉందనుకుందాం: ‘వర్షాకాలంలో వచ్చే వరదను సోమశిలలో నిల్వ చేసి, అవసరమైనప్పుడు దిగువ ఆయకట్టుకు విడుదల చేస్తారు.’

సోమశిల కాపీలో దాన్ని విడగొట్టండి: ‘వానాకాలంలో పెన్నాకు వరద వస్తుంది. ఆ నీళ్లను సోమశిల డ్యాములో ఆపుతారు. పైరుకు కావలసినప్పుడు కిందికి వదులుతారు. ఆ నీళ్లతో పండే పొలాలే ఆయకట్టు.’ ఆయకట్టు అనే మాటను మాత్రం తీసేయకండి. రేపు పరీక్షలో అదే కనిపిస్తుంది. కింద రెండు నిలువు వరసల పట్టిక పెట్టి, ఒకవైపు కష్టమైన మాట, రెండోవైపు దాని అర్థం రాయండి. మూడో వరస పెడితే ఫోన్ తెర మీద ఇరుకైపోతుంది.

సంగం కాపీలో పాఠాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, జవాబు ఎత్తుకోవడానికి ఒక మొదలు ఇవ్వండి: ‘సోమశిల లేకపోతే వరద నీళ్లు...’ అని.

ఊటుకూరు కాపీలో ప్రశ్నను మార్చండి: ‘డ్యాము నిండిన ఏడు కూడా కాలువ చివరి పొలాలకు నీళ్లు అందకపోతే, కారణాలు ఏమై ఉంటాయి? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయి.’ బాగా చదివే పిల్లలకు ఇంకో ఇరవై ప్రశ్నలు ఇవ్వడం శిక్షలాంటిది. లోతున్న ప్రశ్న ఒక్కటి చాలు.

చివరి ప్రశ్న మాత్రం మూడింట్లోనూ ఒకటే ఉండాలి. అప్పుడే మర్నాడు తరగతిలో అందరూ కలిసి మాట్లాడగలుగుతారు.

చేతిరాత దగ్గర ఆగిపోయేవాళ్ల కోసం, మాట్లాడితే అక్షరాలుగా పడే వాయిస్ టైపింగ్ ఉంది. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, టూల్స్ మెనూలో దాన్ని ఎంచుకుని, భాష తెలుగు అని పెట్టాలి. ఫోన్లో అయితే గూగుల్ కీబోర్డు జీబోర్డ్ మీది మైకు చాలు. పుల్‌స్టాపులు ఎగిరిపోతాయి, వాటిని ఆ తర్వాత పెట్టించండి. ఇలాంటి పిల్లలకు మాట పదునుగా ఉంటే నేరుగా ఊటుకూరు కాపీయే ఇవ్వండి. రాయలేకపోవడం వేరు, ఆలోచించలేకపోవడం వేరు.

4. పంపడం

షేర్‌లో ‘లింకు ఉన్న ఎవరైనా’ అని పెట్టి, పక్కన ‘వ్యూయర్’ ఎంచుకోండి. ‘ఎడిటర్’ అని వదిలేస్తే సాయంత్రానికి పాఠం బదులు క్రికెట్ స్కోరు ఉంటుంది. లింకు చివర ‘ఎడిట్’ అనే మాట నుంచి మిగిలినదంతా చెరిపి ‘కాపీ’ అని ఇంగ్లిషులో టైపు చేస్తే, తెరిచినవాళ్లను సొంత కాపీ చేసుకోమని అడుగుతుంది. ఆ కాపీ వాళ్ల డ్రైవ్‌లోకి పోతుంది, వాళ్లు తిరిగి షేర్ చేస్తేనే మీకు కనిపిస్తుంది. గూగుల్ క్లాస్‌రూమ్ వాడే బడుల్లో ఈ టెన్షన్ లేదు. ఎవరికి ఏ ఫైలో పేర్లు ఎంచుకుని, ఒక్కొక్కరికీ కాపీ చేయమని చెబితే చాలు. పదమూడేళ్లు నిండని పిల్లల చేత సొంతంగా అకౌంటు తెరిపించకండి. చూడటానికి మాత్రమే ఇచ్చే లింకు అమ్మానాన్నల ఫోన్లో అకౌంటు లేకపోయినా తెరుచుకుంటుంది.

5. దిద్దడం

తప్పును మీరే చెరిపి సరిదిద్దితే పిల్లలు అటు చూడను కూడా చూడరు. ఆ మాటను సెలెక్ట్ చేసి కామెంటు పెట్టండి: ‘అబ్బయ్యా, నీళ్లు ఎక్కడ ఆపుతారో చెప్పావు, ఎందుకు ఆపుతారో కూడా రాయి.’ ఒక పేజీకి రెండు మూడు కామెంట్లు మించొద్దు. జవాబు ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు అనిపిస్తే వెర్షన్ హిస్టరీ తెరవండి. అంతా ఒక్కసారిగా వచ్చి పడిందో, మెల్లగా రాశారో చాలావరకు తెలిసిపోతుంది.

6. ఫోన్ లేనివాళ్లకు

మూడు కాపీలనూ పీడీఎఫ్‌గా దించి ప్రింటు తీయండి, కాగితం మీద పేర్లు అవే. నెట్ సరిగా అందని ఊళ్లో ఉండే పిల్లలు బడిలో సిగ్నల్ ఉన్నప్పుడే డాక్స్ యాప్‌లో ఫైలును ఆఫ్‌లైన్‌కు పెట్టుకుని వెళ్లొచ్చు.

రెండు మూడు పాఠాలకోసారి ఎవరికి ఏ కాపీ వెళ్తోందో మళ్లీ చూసుకోండి. నదుల పాఠంలో తడబడిన పిల్ల లెక్కల్లో ముందుండొచ్చు. కొత్త పాఠానికి సోమశిల కాపీనే ఇంకోసారి కాపీ చేసి, లోపలి విషయం మార్చేయండి. పట్టిక, హెడ్డింగులు తయారుగానే ఉంటాయి కాబట్టి మొదటిసారి పట్టినంత సేపు పట్టదు.