పండగ సేల్‌కు ముందు టీమ్ స్క్రిప్టుల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా, దీపావళి సేల్ మొదలైతే ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్లలో, ఎప్పుడు ఏం తేడా కొడుతుందో చెప్పలేం. అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే చూసే డ్యూటీలో) ఉన్నవాళ్లు నడిపేది తరచూ తాము రాయని షెల్ స్క్రిప్టునే, అంటే కమాండ్లను వరసగా నడిపే ఫైల్‌నే. అందుకే వాటిని సేల్‌కు రెండు వారాల ముందే ఒకసారి జల్లెడ పట్టాలి.

ముందు కాపీల సంగతి చూడండి. క్యాష్ (తాత్కాలికంగా దాచిన డేటా) తుడిచే స్క్రిప్ట్ గిట్ రిపోలో, అంటే టీమ్ కోడ్ అంతా ఉండేచోట, ఒకటుంటుంది, చాట్‌లో పంపుకున్నది ఇంకొకటి, ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు సరిచేసుకున్నది మరొకటి. పనికొచ్చే సవరణలను రివ్యూ చేసి రిపోలోకి తెచ్చాక మిగతా కాపీలన్నీ తీసేయించండి.

తర్వాత డిలీట్ చేసే లైన్లు. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. గేమ్‌లు ఆడే స్టీమ్ యాప్ లినక్స్ వెర్షన్‌లో 2015 జనవరిలో బయటపడిన బగ్ చూడండి. దాని స్క్రిప్టులో ఫైళ్లను తుడిచే ఆర్ఎం కమాండ్ తర్వాత ఫోల్డర్ పేరుండే వేరియబుల్, దాని వెంటే స్లాష్, స్టార్ ఉండేవి. స్టీమ్ ఫోల్డర్‌ను వేరేచోటికి మార్చిన ఒక యూజర్ దగ్గర ఆ వేరియబుల్ ఖాళీగా వచ్చింది. ఇక మిగిలింది స్లాష్, స్టార్, అంటే సిస్టమ్‌లో ఉన్నదంతా తుడిచేయమని. ఆయన ఫైళ్లతోపాటు బయట తగిలించిన డ్రైవ్‌లోని బ్యాకప్ కూడా పోయింది. ఆ లైన్ పైన ఇది భయపెట్టే లైన్ అని కామెంట్ కూడా ఉంది! కామెంట్ దేన్నీ ఆపదు.

విలువ లేని వేరియబుల్ కనిపిస్తే స్క్రిప్టును ఆపే సెట్ మైనస్ యూ పెట్టాం కదా అంటారు. అది విలువే ఇవ్వని వేరియబుల్‌ను పట్టుకుంటుంది తప్ప ఖాళీ విలువ ఇచ్చినదాన్ని పట్టుకోదు. డిలీట్ లైన్‌లో వేరియబుల్ పేరును ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి, పేరు చివర కోలన్, క్వశ్చన్ మార్క్ చేర్చండి. ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ అనే టూల్ ఇలాంటి లైన్లను వేలుపెట్టి చూపిస్తుంది, దాన్ని సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ దానంతటదే జరిగే పరీక్షల్లో) తప్పనిసరి చేయండి.

ఏ సర్వర్‌లో ఉన్నామో స్క్రిప్టే చెప్పాలి. 2017 జనవరి 31న కోడ్ దాచే సర్వీసైన గిట్‌ల్యాబ్‌లో సెకండరీ (కాపీ సర్వర్) అనుకుని ప్రైమరీ (అసలు సర్వర్) డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీయే మిగిలింది. వై నొక్కితే చాలన్నట్టు అడగొద్దు, సర్వర్ పేరు పూర్తిగా టైప్ చేయించండి. మామూలుగా నడిపితే ఏమేం పోతాయో చూపించి ఊరుకోవాలి, నిజంగా తుడవాలంటే వేరే ఆప్షన్ ఇవ్వాలి.

మ్యాక్‌లో రాసింది లినక్స్‌లోనూ నడిపి చూడండి. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ (స్క్రిప్టులను నడిపే ప్రోగ్రామ్) ఇప్పటికీ పాత 3.2 వెర్షనే, ఫైల్‌లోని మాటలను మార్చే సెడ్ మైనస్ ఐ కమాండ్ కూడా రెండుచోట్లా ఒకేలా పనిచేయదు. పాస్‌వర్డులను కమాండ్ వెంట ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వొద్దు, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపించే పీఎస్ కమాండ్ కొడితే పక్కవాళ్లకూ కనబడతాయి.

చివరగా, స్క్రిప్ట్ రాయనివాళ్ల చేత స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌ను పోలిన పరీక్షా సర్వర్లలో) నడిపించండి. రాసినవాళ్లు పక్కన కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు. నడిపేవాళ్లు ఎక్కడ ఆగి అడిగితే అక్కడి జవాబును హెల్ప్ మెసేజ్‌లో రాసేయండి. అదే రోజు బ్యాకప్‌ను కూడా రీస్టోర్ చేసి చూడండి. గిట్‌ల్యాబ్‌లో రోజువారీ బ్యాకప్‌లు ఫెయిలవుతున్న సంగతి వాటి అవసరం పడ్డాకే తెలిసింది.