సాగే పలక మీద నానోద్రవం: ప్రోగ్రాము మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

నానోద్రవం అంటే అతిసూక్ష్మ కణాలు కలిపిన ద్రవం. సాగుతూ పోయే పలక మీద దాని వేగాన్ని, ఉష్ణోగ్రతను కంప్యూటరు ప్రోగ్రాముతో లెక్కించే ఈ అంశం మీద అనంతపురం, కడప విశ్వవిద్యాలయాల్లో పరిశోధన మొదలుపెట్టేవారికి ముందుగా ఒక మాట. ఏ మరమ్మతుకైనా ముందు నానోకణాలను పూర్తిగా తీసేసి ప్రోగ్రాము నడపండి. సాగే పలక మీది ప్రవాహానికి క్రేన్ 1970లో ఇచ్చిన కచ్చితమైన సాధన ప్రకారం పలక దగ్గర ఎఫ్ (దీని మొదటి అవకలజమే వేగం) రెండో అవకలజం −1 రావాలి. ప్రాండల్ సంఖ్య (ద్రవంలో వేగం, వేడి వ్యాపించే తీరుల నిష్పత్తి) 1 అయితే ఉష్ణోగ్రత వాలు పరిమాణం 0.5820 రావాలి. ఇది కాగితం మీదే తేలే సంఖ్య: 2.71828లోంచి 1 తీసి, మిగిలినదానితో 1ని భాగిస్తే చాలు. ఈ రెండూ రాకపోతే సమీకరణాలు టైపు చేసిన చోటే తప్పు ఉంది.

సమస్య: వేగం లేదా ఉష్ణోగ్రత రేఖ సున్నాకు మెల్లగా ఆనకుండా చివర్లో దాన్ని కోసుకుపోతోంది

అనంతానికి బదులు మీరు పెట్టిన దూరం చాలలేదు. వేగం ఎంత ప్రాండల్ సంఖ్యకైనా ఒకే తీరున తగ్గుతుంది. ఉష్ణోగ్రత మాత్రం ప్రాండల్ సంఖ్యను బట్టి తగ్గుతుంది. ఆ సంఖ్య 0.7 అయితే ఉష్ణోగ్రత పది లక్షో వంతుకు దిగడానికి ఈటా (పలక నుంచి కొలిచే ప్రమాణరహిత దూరం) సుమారు 20 దాకా వెళ్లాలి. నీటికైతే ఉష్ణోగ్రత త్వరగా ముగుస్తుంది కానీ, వేగానికి 14 కావాలి. 6 దగ్గర ఆపి, బొమ్మ బాగుందని థీసిస్‌లో అతికించే అలవాటు మానాలి. దూరాన్ని రెట్టింపు చేయండి. పలక దగ్గరి వాలు నాలుగో దశాంశం వరకు కదలకపోతే అప్పుడు నమ్మండి.

సమస్య: మ్యాట్‌ల్యాబ్ బీవీపీ4సీ 'సింగ్యులర్ జాకోబియన్' అంటోంది

బీవీపీ4సీ అంటే రెండు హద్దుల మధ్య అవకలన సమీకరణాలను సాధించే ప్రమేయం; లెక్క ముందుకు సాగకపోతే అది ఇలా అంటుంది. దానికి తొలి ఊహగా అన్నిచోట్లా సున్నాలు ఇచ్చి ఉంటారు. క్రేన్ సాధననే ఊహగా ఇవ్వండి. పరామితులను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పెంచుతూ, పాత జవాబును కొత్తదానికి ఊహగా వాడండి. నానోకణాల గాఢతను కూడా లెక్కించే బ్యుయోంజియోర్నో నమూనాలో బ్రౌనియన్ (కణాల అస్తవ్యస్త కదలిక) పరామితిని సున్నా చేసినా ఇలాగే చెడుతుంది, ఎందుకంటే అది హారంలో ఉంది. అలాంటప్పుడు గాఢత సమీకరణాన్నే తీసేయాలి.

సమస్య: రాగి-నీరు ఫలితాలు ఎవరి పట్టికతోనూ కలవడం లేదు

ఎక్కువగా జారేది ఇక్కడే. ఉష్ణధారణలో సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధాన్ని కలపాలి. విశిష్టోష్ణాన్ని విడిగా సగటు చేయకూడదు. 5 శాతం రాగికి నీటితో పోలిస్తే సరైన నిష్పత్తి దాదాపు 0.99. విడిగా సగటు చేసి సాంద్రతతో గుణిస్తే 1.33 వస్తుంది. 5 శాతాన్ని 0.05గా ఇచ్చారో లేదో కూడా చూడండి. ఆ తర్వాత నసెల్ట్ సంఖ్యను (పలక నుంచి ద్రవానికి వేడి చేరే తీరుకు కొలత) నానోద్రవం, నీరు ఉష్ణవాహకతల నిష్పత్తితో గుణించారా? మ్యాక్స్‌వెల్ సూత్రం ప్రకారం ఇక్కడ అది దాదాపు 1.16. మరిచిపోతే నానోకణాలు వేడిని తగ్గిస్తున్నాయన్న వింత నిర్ధారణకు వస్తారు.

సమస్య: అంకెలన్నీ కలిశాయి, పరీక్షకుడు మాత్రం ఒప్పుకోవడం లేదు

నీటికి ప్రాండల్ సంఖ్య 6.2 అన్నది 25 డిగ్రీల విలువ. అనంతపురం మే ఎండను ఉపోద్ఘాతంలో వర్ణించి ఆ అంకె వాడితే ఎవరైనా అడుగుతారు. 40 డిగ్రీలకు అది సుమారు 4.3, దానితోనూ ఒకసారి నడపండి. ఉపయోగాల కింద కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లు సౌర పార్కును రాసేవారున్నారు. అక్కడి పలకలు వెలుతురును నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి, వాటిలో వేడి మోసే ద్రవం లేదు. నీటిని వేడిచేసే సౌర సంగ్రాహకాలను పేర్కొనండి.